తెలిసీ ఊరుకున్నాను

మా ఇంట్లో గోడకి అయిదు బేస్ గిటార్లు వేలాడుతున్నాయి. నాకున్నవి రెండు చేతులే. వాయించేది వారానికి రెండు మూడు గంటలు, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కింది ఫ్లాట్ వాళ్ళకి వినపడకుండా. ఈ లెక్క చెప్తే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. నేను చెప్పాలనుకుంటున్నది ఆ అయిదింటి గురించి కాదు, ఎడమవైపు చివర వేలాడే నల్లదాని గురించి. దాన్ని పద్దెనిమిది వేలకి కొన్నాను. అది పద్దెనిమిది వేల వస్తువు కాదని కొనేటప్పుడు నాకు తెలుసు. అమ్మినాయనకి తెలీదు.

ఆయనది సికింద్రాబాద్. డెబ్భైకి దగ్గర పడ్డారు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించారు. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, ఆదివారం పొద్దున చర్చి. ఇళయరాజా పాట అంటే స్టేజీ మీద అందరికంటే ముందు భయపడేది బేస్ వాయించేవాడేనని ఆయనే చెప్పారు. పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది కదా, అది తప్పితే పేరు తెలీని జనానికి కూడా ఏదో తప్పిందని తెలిసిపోతుంది. ఆ గిటార్‌ని దుబాయ్‌లో పనిచేసిన బావగారు 1980ల్లో తెచ్చిచ్చారట. "ఇప్పుడు బేస్ ఎవరికి కావాలి బాబూ? పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ పెట్టేస్తున్నారు. పాడేటోళ్ళు ఇద్దరుంటే ప్రోగ్రామ్ అయిపోతుంది," అన్నారు. మనవరాలికి కాలేజీలో లాప్‌టాప్ కావాలి. అందుకని అమ్మకానికి పెట్టారు.

ఎవరో షాపతను చూసి, స్క్వైర్ అంటే ఫెండర్ వాళ్ళ చవక రకం, అందులోనూ పాతది, పదిహేను వేలు దాటదు అని చెప్పాడట. ఈయన ధైర్యం చేసి పద్దెనిమిది అన్నారు.

షాపతను అబద్ధమేం చెప్పలేదు. ఈ రోజుల్లో స్క్వైర్ అంటే అంతే. కానీ నేను గిటార్‌ని తిప్పి, మెడ ఒంటికి అతుక్కునే చోట వెనకాల ఉన్న ఉక్కు రేకు చూశాను. సీరియల్ నంబర్ జేవీతో మొదలైంది. నా గుండె కొట్టుకున్న చప్పుడు ఆయనకి వినపడిందేమో అనుకున్నాను.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అంతవరకూ మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించిన వాద్యం భుజానికి తగిలించుకునేంతగా మారిపోయింది. మెట్లున్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ఆ పేరు. 1965లో ఫెండర్ ఆ కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశాడు. తర్వాత నాణ్యత పడిపోయిందని వాయించేవాళ్ళు గొణగడం మొదలెట్టారు. 1970లు వచ్చేసరికి జపాన్ వాళ్ళు పాత ఫెండర్లని చూసి చేసిన నకళ్ళే కొత్త ఫెండర్ల కంటే బాగున్నాయనే పరిస్థితి. చివరికి 1982లో ఫెండరే జపాన్‌కి వెళ్ళింది. మత్సుమోతోలోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో 1957, 1962 నమూనాల్ని మళ్ళీ చేయించింది. వాటిలో ఎగుమతికి వెళ్ళిన వాటి మీద స్క్వైర్ అని రాశారు. అది ఫెండర్ ఎప్పుడో కొనేసిన ఒక తీగల కంపెనీ పేరు. జేవీ నంబర్లు నడిచింది రెండేళ్ళ చిల్లరే. చవకగా అమ్మాలని చేసినవి, ఇప్పుడు మాలాంటి వాళ్ళు వెతుక్కుని కొనుక్కునేవి. మంచి స్థితిలో ఉన్నదైతే లక్షకి అటూ ఇటూ పలుకుతుంది.

ఇదంతా నాకు ఆ అర నిమిషంలోనే గుర్తొచ్చింది. అప్పుడాయన అడిగారు, "ఇంతకన్నా ఎక్కువ రాదు కదా బాబూ దీనికి? నువ్వు ఇవన్నీ తెలిసినోడివి లాగున్నావ్."

నేను గిటార్ మీదకి వంగి, శ్రుతి చేసుకుంటున్నట్టు నటించాను.

తర్వాత ఫోన్ తీసి పద్దెనిమిది వేలు పంపేశాను. ఆంటీ టీ ఇచ్చారు. "రూపాయి బేరమాడలేదు నువ్వు, ఇట్లాంటోళ్ళు ఉండరు," అని ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపారు.

ఇంటికి తెచ్చి, జిడ్డంతా తుడిచి, నల్లబడిన తీగలు పీకేసి కొత్తవి వేసి, ఫొటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో నలభై మెసేజీలు. అందరిదీ ఒకే మాట, జాక్‌పాట్. ఒక్కడు మాత్రం "చెప్పావా ఆయనకి?" అని అడిగాడు. వాడి మీద మిగతావాళ్ళంతా పడ్డారు. ధర చెప్పింది ఆయన. నువ్వు అబద్ధం చెప్పలేదు. సీరియల్ నంబర్లు చదవడం నేర్చుకోవడానికి ఎన్ని రాత్రుళ్ళు పాడుచేసుకున్నావ్, ఆ తెలివికి విలువ లేదా?

ఆ చివరి మాటని కొట్టిపారేయలేను. ఆదివారం ఆబిడ్స్‌లో పాతపుస్తకాలు తిరగేసే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేసే ఉంటాడు. ఎప్పుడో అచ్చయి మళ్ళీ దొరకని తొలి ముద్రణ యాభై రూపాయలకి కనిపిస్తే, ముఖంలో ఏ భావం లేకుండా ముప్ఫైకిస్తావా అని అడుగుతాం. ఇంటికెళ్ళి దాన్ని ఒక విజయగాథలా చెప్పుకుంటాం. అది తప్పని నాకిప్పటికీ అనిపించదు. ఆ అమ్మేవాడు పుస్తకాల్ని కిలోల లెక్కన కొన్నాడు. ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో రాబట్టుకుంటాడు. వెతకడమే ఆ ఆటలో మన వంతు. కానీ అంకుల్‌కి ఉన్నది ఒక్క బేస్. ఆయన ఆట ఆడటానికి రాలేదు.

ప్రశ్న పాతదే. రెండువేల ఏళ్ళ కిందట సిసెరో ఒక కథ చెప్పాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ధాన్యంతో వచ్చాడు. వెనకాల ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలీదు. చెప్తే ధర పడిపోతుంది. చెప్పాలా? డయోజెనీస్ అక్కర్లేదన్నాడు. చట్టం అడిగినంత చెప్తే చాలు, చెప్పకపోవడం దాచడం కాదు. అతని శిష్యుడు యాంటిపేటర్ చెప్పి తీరాలన్నాడు. సిసెరో శిష్యుడి పక్షం తీసుకున్నాడు. ఊరికే నోరు మూసుకోవడం వేరు, నీ లాభం కోసం ఎదుటివాడికి తెలియకుండా ఉండాలని కోరుకోవడం వేరు అని ఆయన చేసిన తేడా. ఆ రోజు నేను ట్యూనింగ్ బిళ్ళలు తిప్పుతూ కోరుకున్నది సరిగ్గా అదే.

న్యాయస్థానాలు ఇంత కఠినంగా లేవు. 1815లో న్యూ ఆర్లియన్స్‌లో ఆర్గన్ అనే వ్యాపారి, బ్రిటన్‌తో యుద్ధం ముగిసిందన్న కబురు ఊళ్ళో అందరికంటే ముందు తెలుసుకుని పొగాకు కొనేశాడు. కబురు బయటికి రాగానే ధర ఎగిరింది. ఆ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళితే, కొనేవాడు తనకి తెలిసింది చెప్పాల్సిన పనిలేదని 1817లో ప్రధాన న్యాయమూర్తి మార్షల్ తేల్చాడు. మన కాంట్రాక్ట్ చట్టం, అదే 1872 నాటిది, 17వ సెక్షన్లో ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదంటుంది. ఇద్దరు వర్తకుల ఉదాహరణ కూడా ఇస్తుంది, ధరల మార్పు తెలిసినవాడు రెండోవాడికి చెప్పక్కర్లేదని. అది చదివి హమ్మయ్య అనుకున్నాను. అంతలో కొంచెం పైనున్న ఉదాహరణ కనపడింది. ఒకాయన గుర్రం కొంటూ అంటాడు, నువ్వు కాదనకపోతే ఇది ఆరోగ్యంగా ఉందనే అనుకుంటాను అని. అమ్మేవాడు మాట్లాడడు. ఆ మౌనం మాటతో సమానమే అంటుంది చట్టం.

"ఇంతకన్నా ఎక్కువ రాదు కదా బాబూ?"

ఇక్కడ గుర్రం అమ్మేవాడిది కాదు, కొనేవాడిది మౌనం అని లాయరు స్నేహితుడు వాదించాడు. కోర్టులో నిలబడితే నిలబడొచ్చు. నాకు రాత్రిపూట నిలబడలేదు.

ఇంకో వాదన నన్ను చాలా రోజులు నిలబెట్టింది. లక్ష అనే ధర ఎక్కడుంది? సికింద్రాబాద్‌లో లేదు. ఉంటే గింటే టోక్యోలో, లండన్‌లో ఉంది. అంకుల్‌కి ఆ కొనేవాళ్ళు తెలీదు, పార్శిల్ చెయ్యడం తెలీదు, కస్టమ్స్ తెలీదు. నేను చెప్పినా ఆయన నాలాంటి ఇంకొకడికే, మహా అయితే పాతిక వేలకి అమ్మేవారు. అంటే నేను తీసుకున్నది ఆయనకి ఎప్పటికీ అందని డబ్బు. లెక్క బాగానే ఉంది. కానీ ఆ లెక్క నేను ఒక్కణ్ణే వేశాను. పాతికకి అమ్మాలా, అమ్మకుండా పెట్టుకోవాలా, మనవరాలితో వెతికించి టోక్యో దాకా వెళ్ళాలా అన్నది తేల్చుకోవాల్సింది ఆయన. ఆయనకేం తెలియాలో ఆయన తరఫున నేను తేల్చేశాను. డబ్బు కంటే ఇదే ఎక్కువ నలిపింది నన్ను.

అసలు నా తెలివి ఏపాటిది? నాకు జేవీ అంటే ఏమిటో తెలుసు. మోటౌన్ పాటలకి ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి ఒక్క వేలితో వాయించేవాడని తెలుసు. 1962 ప్రెసిషన్ మీద తీగలు మార్చడానికి ఇష్టపడేవాడు కాదని, 1983లో చనిపోయే ముందు దాన్ని ఎవరో ఎత్తుకుపోయారని తెలుసు. గ్రూపులో ఎవడు అర్ధరాత్రి అడిగినా చెప్తాను. అంకుల్‌కి ఇవేవీ తెలీవు. ఆ గిటార్‌కి ఏడో మెట్టు దగ్గర ఒక స్వరం కొంచెం గురగురమంటుందని, అక్కడ వేలు కాస్త వెనక్కి పెట్టాలని ఆయనకి తెలుసు. నాకు చూపించారు కూడా. డబ్బు తీసుకుని కాదు, నేను అడగకుండానే.

అయిదు నెలలకి వెళ్ళాను. కవర్లో నలభై ఒక్క వేలు పెట్టుకున్నాను. లక్షలోంచి పద్దెనిమిది తీసేస్తే ఎనభై రెండు, అందులో సగం. వస్తువు ఆయనది, తెలివి నాది అనుకుని వేసిన లెక్క. వద్దంటే గిటారే తిరిగిచ్చేద్దామని దాన్ని కూడా భుజాన వేసుకెళ్ళాను.

చెప్పాను. ఆయన ముందు నవ్వారు. "లక్ష రూపాయలు భుజాన ఏసుకుని ఏడో నంబర్ బస్సులో నిలబడి తిరిగిన అన్నమాట." ఆంటీ వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు. ఆయన నవ్వు ఆగాక అడిగారు, "అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసంకుల్."

"నేను అడిగిన గదా."

నేనేం మాట్లాడలేదు. కవర్ ముందుకి జరిపి, లెక్క చెప్పాను.

"సగమని ఎవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను. గిటార్ కూడా తెచ్చాను, కావాలంటే ఉంచేసుకోండి, మీ పద్దెనిమిది వేలు కూడా ఇవ్వక్కర్లేదు అన్నాను. గొంతులో ఎక్కడో నన్ను మెచ్చుకోవాలన్న ఆశ ఉండే ఉంటుంది. ఆయన మెచ్చుకోలేదు. వేళ్ళు చాపి చూపించారు, కణుపులు వాచి ఉన్నాయి. కవర్ తీసుకుని, నోట్లు బయటికి తీసి, తడి చేసుకుంటూ మెల్లగా లెక్కపెట్టారు. లెక్క సరిపోయాక ఆంటీకి ఇచ్చారు.

తర్వాత, ఒక్కసారి చూస్తానని బ్యాగు జిప్పు తీశారు. ఒళ్ళో పెట్టుకుని పై తీగని బొటనవేలితో మీటారు. ఖంగుమంది. చెయ్యి పెట్టి ఆపేశారు.

"తీగలు మార్చినవా?"

"అవునంకుల్, కొత్తవి వేశాను."

"నావేం చేసినవ్?"

"పారేశాను."

ఆయన గిటార్‌ని తిరిగి బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, నా వైపు జరిపారు.