ఐదో శీలం దగ్గర తల దించుకునే అన్నకు

 

ఉపాసకులారా, ఉపాసికలారా! ఆదివారం వందనలో పంచశీలం చెప్పుకుంటాం. నాలుగు శీలాలదాకా గొంతులు గట్టిగానే వస్తాయి. మత్తు ముట్టనన్న ఐదోది వచ్చేసరికి వెనక వరుసలో ఒకరిద్దరు తల దించుకుంటారు. కొందరైతే ఆ సిగ్గుతోనే వందనకు రావడం మానేస్తారు. ఈ కరపత్రం వాళ్లకోసం, వాళ్ల ఇంట్లోవాళ్లకోసం.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నదీ ఒకటి. ఎందుకు పెట్టినాడో మన వాడల్లో వేరే చెప్పనక్కర్లేదు. సుగ్గికని గుంటూరు దిక్కు పోయి మిరపకాయలు కోసి తెచ్చిన కూలి, కోడుమూరులో బస్సు దిగి ఇల్లు చేరేలోపల ఎంత మిగులుతుందో ఆడవాళ్లనడగండి. ఆదోని దిక్కు పోతే కర్ణాటక ప్యాకెట్లు వేరే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో లేచినారు. 1993లో సారా బంద్ అయింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. సర్కారు మూసిన దుకాణాన్ని సర్కారే తెరిచింది.

మరి ప్రతిజ్ఞ చేసినవాడు ఎందుకు నిలబడలేకపోతున్నాడు? "వానికి బుద్ధి లేదు, బాబాసాహెబ్ పేరు చెడగొడుతున్నాడు" అని మనవాళ్లే అంటారు. ఆ మాట ఎవరినీ మాన్పించలేదు. మన పత్తికొండ దిక్కున ఎర్రగుడి, రాజుల మందగిరి బండలమీద అశోకుని శాసనాలున్నాయి. అందులో అంత పెద్ద చక్రవర్తి తన సంగతి తానే ఒప్పుకుంటాడు: ఉపాసకుణ్ణయినాక కూడా ఏడాదిపాటు గట్టిగా పూనుకోలేదని, సంఘానికి దగ్గరైనాకనే పూనుకున్నానని. ఇది గొప్పోళ్లకే కాదు, పూనుకుంటే చిన్నోళ్లకూ అవుతుందని కూడా చెక్కించినాడు. ఆయన చెప్పింది తాగుడు గురించి కాదు, నిజమే. అయినా దీక్ష తీసుకుని జారిపోయిన అన్న చదవాల్సిన రాత అది.

తాగుడు విషయంలో అట్లా దగ్గరయ్యే సంఘం ఒకటుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏ.ఏ. అంటారు. 1935లో అమెరికాలో అక్రన్ అనే ఊర్లో తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టినారు. మన దేశంలో 1957 నుంచి ఉంది. చేరడానికి ఒకటే అర్హత, తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. మీ పేరు చెప్తే చాలు, ఇంటిపేరు అక్కర్లేదు. ఇంటిపేరు చెప్పగానే ఎదుటోని మొహం మారడం చూసినవాళ్లం, మనకిది చిన్న సంగతి కాదు. ఎవరైనా మీ కులం తవ్వితే, ఆ గ్రూపు వదిలి ఇంకో గ్రూపుకు పోండి. మానడం మాత్రం వదలొద్దు.

మీటింగులో ఏం చేస్తారు? కుర్చీలేసుకుని గంట, గంటన్నర కూర్చుంటారు. ఒకరు తన తాగుడు కథ చెప్తారు, మిగతావాళ్లు అడ్డం రాకుండా వింటారు. మీరు మాట్లాడకపోయినా ఎవరూ బలవంతం చేయరు. అక్కడ విన్నది బయట చెప్పరాదన్నది కట్టుబాటు. భార్యలకు, తల్లులకు అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి. అన్న రానంటే వదిన ఒక్కతే పోవచ్చు.

ఒక చిక్కుంది, దాచను. వాళ్ల 12 మెట్లలో దేవుడనే మాట వస్తుంది, కొన్నిచోట్ల ప్రార్థన కూడా చేస్తారు. మనం దేవుణ్ణి ఒప్పుకోం. ఆ సమయానికి ఊరకే కూర్చోండి, లేదంటే మనసులో త్రిశరణం చెప్పుకోండి. వాళ్లలోనే చాలామంది "మనకన్నా పెద్ద శక్తి" అంటే ఆ గ్రూపే అనుకుంటారు. సంఘాన్ని శరణు కోరేవాళ్లకు అది పరాయి ఆలోచనేం కాదు. ఈ ఒక్క కారణంతో మీటింగుకు పోనన్న తమ్ముడు, నిజంగా దేవునిమీద కోపంతో ఆగినాడో, సీసామీద ప్రేమతో ఆగినాడో తానే చూసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మాట. రోజూ బాగా తాగేవాడు ఉన్నపళంగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాత మీటింగు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగముంది. పిచ్చోళ్ల డాక్టరని జంకొద్దు. మీటింగులు ఎక్కడ, ఏ రోజు జరుగుతాయో అక్కడే అడగండి. 14446కు ఫోన్ చేస్తే మత్తు మాన్పించే చికిత్స గురించి చెప్తారు. మనసు బాగాలేకుంటే 14416. రెండూ ఉచితమే. ఏ.ఏ. వాళ్లు ఫోన్‌లో వీడియో మీటింగులు కూడా పెడతారు.

దగ్గర్లో గ్రూపు లేకుంటే? మానాలనుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడినా అది గ్రూపేనని వాళ్ల నియమం. అక్రన్‌లో కూడా మొదట ఇద్దరే. వందన అయినాక విహారంలోనో, అంబేద్కర్ భవన్‌లోనో ఒక గంట తలుపు తెరిచి పెడితే చాలు, ఖర్చేముంది?

ఈ ఆదివారం వెనక వరుసలో కూర్చున్న అన్న లేచి పోయేలోపల ఆయన పక్కన కూర్చోండి. ఉపన్యాసం వద్దు. "సోమవారం కర్నూలు పోతున్నా, నాతో వస్తావా అన్నా?" అని అడగండి. బస్సు చార్జీ మీరే పెట్టుకోండి.