ఎరువు అను మాటకు రెండర్థములు

ఢిల్లీ నగరపు తూర్పు సరిహద్దున, ఘాజీపూర్ అను చోట, ఒక కొండ యున్నది. అది ప్రకృతి పేర్చినది కాదు. 1984 మొదలుకొని నగరవాసులు పారవేసిన చెత్తయే అక్కడ కొండయైనది. 2002 నాటికే ఆ స్థలము నిండిపోయినను లారీలు వచ్చుట మానలేదు. 2019 నాటికి దాని యెత్తు సుమారు 65 మీటర్లకు చేరగా, జనులు దానిని కుతుబ్ మీనారుతో పోల్చసాగిరి. 2017 సెప్టెంబరు 1న ఆ కొండలో ఒక భాగము విరిగి, ప్రక్కనున్న కాలువలోనికిని రోడ్డు మీదికిని జారెను. దారిన పోవుచున్న వాహనములు కాలువలోనికి నెట్టబడి ఇద్దరు మరణించిరి. 2022లో అది అంటుకొని పరిసరములను పొగతో నింపెను.

ఆ ఇద్దరి మరణమునకు ఉత్తరవాదులెవరు? అధికారులు చెప్పవలసిన సమాధానము కొంత కలదు. అయితే ప్రశ్న అక్కడితో ఆగదు. నాలుగవ అంతస్తులో నివసించు ఒక గృహస్థుడు కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నమును, పాత బ్యాటరీని, పగిలిన గాజును ఒకే సంచిలో ముడివేసి గుమ్మము బయట పెట్టును. అతనికి ఎవరియందును ద్వేషము లేదు. "పారవేసితిని" అని అతడు తృప్తిగా తలుపు వేసికొనును. కాని పారవేయబడిన వస్తువు లేకుండ పోలేదు. మరియొకని గుమ్మమునకు చేరినది. తన కంటికి కనబడని చోటు "బయట" యని తలంచుటయే ఈ విషయములోని మొదటి అసత్యము.

భారతదేశపు నగరముల చెత్తలో ఇంచుమించు సగము వంటింటినుండియు తోటనుండియు వచ్చు తడిచెత్తయే. గాలి తగులుచోట అది సూక్ష్మజీవుల వలన నల్లని మట్టిగా మారును. గాలి చొరని గుట్ట అడుగున నైతే అదే పదార్థము మండెడి మీథేన్ వాయువును పుట్టించును. దానినుండి కారు మురుగు భూగర్భజలమును చెరుపును. ఒకే తొక్క ఒకచోట ఆహారము, మరియొకచోట విషము. తేడా తొక్కలో లేదు, దానిని ఉంచిన చోటులో నున్నది.

తెలుగు భాష ఈ సంగతిని పూర్వమే యెరిగినట్లున్నది. "పెంట" యనగా ఊడ్చి పారబోసిన చెత్త. పొలమునకు తోలు బలమును పెంటయే. "ఎరువు" అను మాటకైతే రెండర్థములు కలవు. పైరునకు వేయునది ఎరువు. ఇరుగుపొరుగు వారియొద్ద వాడుకకు తెచ్చుకొని తిరిగి ఇచ్చివేయవలసినదియు ఎరువే. "ఎరువు సొమ్ము బరువు చేటు" అను సామెతలోని ఎరువు ఈ రెండవది. ఈ రెండు మాటలకు మూలమొకటియే యని వాదింప నక్కరలేదు. ఒకదాని ప్రక్కన నొకటి నిలుచుటయే చాలును. నేలనుండి పుచ్చుకొన్నది నేలకు తిరిగి చెల్లింపవలసిన బదులు. ఆదికాండములో మానవుడును నేలమంటినుండి తీయబడినవాడే. హెబ్రీ భాషలో నేలకు "అదామా" అనియు, మానవునికి "ఆదాము" అనియు పేరు. పుచ్చుకొన్నవాడే పుచ్చుకొనబడినవాడు.

అయితే పాత పల్లెను పొగడుటలో జాగ్రత్త అవసరము. పెరటిలోని పెంటకుప్ప వేసవిలో బండ్లకెక్కి పొలమునకు చేరెడిది, నిజమే. కాని దానిని ఎత్తిన చేతులెవరివో, ఆ చేతులను అంటరానివని యెంచినవారెవరో తెలుగు సంఘమునకు వేరుగ చెప్పనక్కరలేదు. నగరమునందును ఇతరుల కుళ్లును వట్టిచేతులతో వేరుచేయువారు పెక్కుమంది ఆ వాడలనుండి వచ్చినవారే. కాబట్టి ఇంట ఎరువు చేసికొనుటలోని నీతి మట్టికి సంబంధించినది మాత్రమే కాదు. తన మలినమును తన చేతితో తాకుటకు ఒప్పుకొనుట, దానిని ఇంకొకని పుట్టుకకు అంటగట్టకుండుట, అందులోని సారము.

పని కష్టమైనది కాదు. 1924 నుండి 1931 వరకు ఇందోరులో పరిశోధన చేసిన ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చెత్తను పొరలు పొరలుగా పేర్చి, గాలి తగులునట్లు తిరుగవేయు పద్ధతిని స్థిరపరచెను. బాల్కనీలోని కుండకును ఆ సూత్రమే చాలును. ప్రక్కల రంధ్రములున్న కుండ అడుగున ఎండుటాకులు పరచవలెను. ఒక పాలు తడిచెత్తకు రెండు పాళ్లు ఎండుటాకులు చేర్చవలెను. మాంసము, నూనె, పాలు వేయరాదు. పిండిన గుడ్డవలె తేమ యుండవలెను. మూడు నాలుగు దినముల కొకసారి కలియబెట్టవలెను. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని గ్రహించి ఆకులు చేర్చవలెను. రెండు మూడు నెలలలో వానకు తడిసిన నేలవాసన గల ఎరువు సిద్ధమగును. ఢిల్లీ చలికాలమున మరికొంత ఆలస్యము కావచ్చును. అక్కడ వసంతకాలమున వేపచెట్లు రాల్చు ఆకులను ఊడ్చి తగులబెట్టుట వాడుక. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగముగ చెత్త కాల్చుటను నిషేధించి 5,000 రూపాయల జరిమానా విధించెను. ఆ యాకులే కుండకు కావలసినవి.

ఇందువలన చెత్త ఏరుకొను బీదల జీవనము పోవునా? పోదు. వారు అమ్ముకొనునవి కాగితము, ప్లాస్టిక్, ఇనుము. వాటి విలువను చెరుపునది వాటికంటిన తడిచెత్తయే. తడి పొడులను వేరుచేయు గృహము వారి చేతికి శుభ్రమైన సరకు నందించును.

అంతటి కొండయెదుట ఒక కుండ యేపాటిది? ఈ ప్రశ్న వినయమువలె కనబడును గాని, తరచుగ సోమరితనమునకు ముసుగు. లూకా సువార్తలోని అంజూరపు చెట్టు ఉపమానమున, చెట్టును నరికివేయుమన్న యజమానుని తోటమాలి ఒక సంవత్సరము గడువు కోరెను. అతడు పెద్ద వాగ్దానములు చేయలేదు. త్రవ్వి ఎరువు వేసెదననెను. కుండ కొండను కరిగింపలేదు. కాని ఆ కొండకు ఒక ఇంటి వంతు చేరకుండ ఆపగలదు.

అట్లు చేసిన గృహస్థుడు గర్వించుటకును కారణము లేదు. అప్పు తీర్చినవాడు దాత కాడు. మంటినుండి తెచ్చుకొన్న దానిని మంటికి, పొరుగువానినుండి దొంగిలించిన గౌరవమును పొరుగువానికి, అతడు తిరిగి ఇచ్చుచున్నాడు, అంతే. ఇంతవరకు తీర్చని బదులును తీర్చుటకు మొదలుపెట్టుట మాత్రము ఏ దినమైనను తగిన దినమే.