పంక్తి భేదం



రెండు నెలల క్రితం ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో వేపచెట్టు క్రింద నిలబడి ఉండగా ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. "ఫాదర్‌గారూ, ఒక సందేహం. మా తమ్ముడితో నేను మాట్లాడక పదకొండేళ్ళయింది. పొలం గట్టు తగాదా. ఇద్దరం ఈ గుడికే వస్తాం, ఇద్దరం సత్ప్రసాదం తీసుకుంటాం. వాడు కుడి వరుసలో వస్తాడు, నేను ఎడమ వరుసలో వస్తాను. ఇది తప్పంటారా?" అని అడిగారు. (ఇది పాపసంకీర్తనంలో విన్న మాట కాదు. పేరు లేకుండా వ్రాసుకోమని ఆయనే అన్నారు.)

నేను జవాబు చెప్పేలోపే ఆయనే మళ్ళీ అన్నారు: "వాడి వరుస వాడిది, నా వరుస నాది. నా మటుకు నేను ప్రభువును లోకొంటున్నాను. మధ్యలో వాడెందుకు?"

ఈ చివరి ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. మనలో చాలామంది పైకి అడగకుండానే దానికి జవాబు చెప్పేసుకున్నాం. దివ్యసత్ప్రసాదం నాకూ యేసు ప్రభువుకూ మధ్య వ్యవహారం. కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని, బెంచీకి తిరిగి వచ్చి మోకరిల్లితే ప్రక్కన ఎవరున్నారో మనకు పట్టదు. దానినే భక్తి అనుకుంటాం.

మాట దగ్గర మొదలుపెడదాం. పునీత పౌలుగారు గ్రీకు భాషలో వాడిన మాట 'కోయినోనియా'. లాటిను వాళ్ళు 'కమ్యూనియో' అన్నారు. రెండింటికీ అర్థం పొత్తు, పాలు పంచుకోవడం. మన తెలుగులో సత్ప్రసాదం అంటున్నాం. మంచి మాటే, అయితే అది మనకు దొరికిన వరాన్ని చెబుతుంది గాని ఎవరితో కలిసి తీసుకున్నామో చెప్పదు. ఆ లోటు తీర్చే మాట మన ఇళ్ళలోనే ఉంది. కంచం పొత్తు అంటాం. పెళ్ళి విందులో కూర్చున్న వరుసను పంక్తి అంటాం. ఒకే పంక్తిలో ఒకరికి నెయ్యి వేసి, ప్రక్కవాడిని దాటిపోతే పంక్తి భేదం అంటాం. అది పాపమని మన పెద్దలకు ఏ ఉపదేశి చెప్పకుండానే తెలుసు.

కొరింతు సంఘంలో జరిగింది సరిగ్గా ఈ పంక్తి భేదమే. సుమారు క్రీ.శ. 55లో పౌలుగారు వాళ్ళకు మొదటి లేఖ వ్రాశారు. ఆ రోజుల్లో గుళ్ళు లేవు. కాస్త కలిగిన వారి ఇంట్లో సంఘం కూడేది, ప్రభువు విందు అసలు భోజనంతో కలిసి జరిగేది. రోమను కాలపు ఇంటి భోజనశాలలో సాధారణంగా తొమ్మిది మంది ఆనుకుని కూర్చునే చోటు ఉండేదనీ, మిగిలినవారు బయటి ముంగిట్లో సర్దుకోవలసి వచ్చేదనీ పండితులు చెబుతారు. కలిగినవారు ముందే వచ్చి లోపల తిని త్రాగేవారు. బానిసలు, కూలీలు పని ముగించుకుని వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉన్నాడని పౌలుగారు మండిపడ్డారు. మీరు తినేది ప్రభువు విందే కాదని తేల్చి చెప్పారు.

వారిని సరిదిద్దడానికే కడరా భోజనం నాటి ప్రభువు మాటలను ఆయన అక్కడ గుర్తు చేశారు. నాలుగు సువిశేషాలు అప్పటికింకా వ్రాయబడలేదు. అంటే, ప్రతి పూజలో బలిపీఠం దగ్గర గురువు పలికే ఆ మాటలు మనకు మొట్టమొదట లిఖితంగా దొరికింది ఒక భోజనాల తగాదాలో! ప్రభువు శరీరాన్ని గుర్తించకుండా తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని పౌలుగారు హెచ్చరించింది కూడా అక్కడే. ఆ మాట అప్పాన్ని గురించేనని చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. అది నిజమే. కానీ పౌలుగారి కోపం మొత్తం ముంగిట్లో ఆకలితో కూర్చున్నవాడి తరపున వచ్చిందని గమనించండి. ప్రభువు శరీరంలో వాడూ ఒక అవయవం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. గురువునైన తొలి సంవత్సరాలలో ఒక పల్లెకు పండుగ పూజకు వెళ్ళాను. నాతో ఉపదేశి కూడా వచ్చారు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆ ఊళ్ళో జ్ఞానస్నానాలకు, చావులకు, జపాలకు అన్నిటికీ ఆయనే దిక్కు. పూజ అయ్యాక ఊరి పెద్దల ఇంట్లో భోజనం. నన్ను లోపలికి తీసుకువెళ్ళి కుర్చీ వేసి కంచంలో వడ్డించారు. ఉపదేశిగారికి బయట అరుగు మీద ఆకు వేశారు. కారణం ఆయనకు తెలుసు, నాకు తెలుసు, వడ్డించినవారికి తెలుసు. గంట క్రితం అదే ఇంటివారు, అదే ఉపదేశి, ఒకే పాత్రలోని అప్పాన్ని నా చేతి మీదుగా తీసుకున్నారు. నేను నోరు మెదపలేదు. కూర బాగుందని కూడా అన్నాను.

తిరిగి వస్తుంటే ఉపదేశిగారు ఆ విషయం ఎత్తలేదు. "వచ్చే ఆదివారానికి అప్పాలు తక్కువ ఉన్నాయి ఫాదర్, కన్యస్త్రీల మఠంలో చెప్పి రమ్మంటారా?" అని మాత్రం అడిగారు. ఆయన ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. ఆయన బ్రతికి ఉండగా క్షమాపణ అడగలేదు. అందుకే ఇది వ్రాయడం నాకు అంత తేలికగా లేదు.

గురువిద్యాలయంలో పునీత తోమాసు అక్వినాసు పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టాం. దివ్యసత్ప్రసాదంలో మూడు అంతస్తులున్నాయంటారు ఆయన. కంటికి కనిపించే రొట్టె, ద్రాక్షారసాల గుర్తు ఒకటి. ఆ గుర్తులో నిజంగా ఉన్న క్రీస్తు శరీరరక్తాలు రెండవది. ఆ రెండూ దేనికోసం ఇవ్వబడ్డాయో అది మూడవది, అంటే క్రీస్తు నిగూఢ శరీరమైన శ్రీసభ ఐక్యత. ఉదాహరణకు ఒక ఇల్లు చూడండి. మెడలో తాళి ఉంది. చర్చిలో కట్టిన వివాహబంధం ఉంది. కానీ ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య ఏళ్ళ తరబడి మాటలు లేవు. తాళి దొంగది కాదు, బంధమూ దొంగది కాదు. కానీ ఆ రెండూ దేనికోసం ఉన్నాయో అదే ఆ ఇంట్లో లేదు. అరుగు మీద ఆకు వేసిన రోజున మా పూజ కూడా అలాంటిదే. అప్పంలో ప్రభువు వచ్చాడు, సందేహం లేదు. ఆయన దేనికి వచ్చాడో దానిని మేము గుమ్మం బయట కూర్చోబెట్టాం.

అక్వినాసువారు ఇంకొక మాట కూడా అంటారు. సత్ప్రసాదం తీసుకునేవాడు తాను క్రీస్తుతోనూ, ఆయన అవయవాలతోనూ ఒకటై ఉన్నానని ఆ చర్యతోనే ప్రకటిస్తున్నాడు. అలా లేకుండా తీసుకుంటే ఆ సంస్కారంలో అబద్ధమాడినట్లే. నోరు తెరవకుండా అబద్ధం ఎలా ఆడతామని అడగవచ్చు. యూదా గెత్సెమనే తోటలో చేసింది ఏమిటి? అక్కడ అబద్ధమాడింది నాలుకకంటే ముద్దు. శరీరానికి కూడా భాష ఉంది. వరుసలో నడిచి రావడం, చేయి చాపడం, తినడం, ఇవన్నీ మాటలే. పైగా మనం నోటితో "ఆమెన్" అని కూడా అంటున్నాం. హిప్పో నగరంలో పునీత అగుస్తీనువారు కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి చెప్పింది కూడా ఇదే. బల్ల మీద ఉన్నది మీ రహస్యమే, మీరేమై ఉన్నారో దానికే ఆమెన్ అంటున్నారు అన్నారు ఆయన.

ఇది కొరింతు, హిప్పోల నాటి పాత కథ అనుకోకండి. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో 19వ శతాబ్దంలో కట్టిన గుడికి ఒకే బలిపీఠం, కాని రెండు శాలలు. రెండు కులాలవారు ఒకరినొకరు చూడకుండా, ఒకే పూజ చూసేలా కట్టారు. 1910లో గురువులు ఆ అడ్డు తొలగిస్తే కొందరు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టులో వారి వాదన నిలవలేదు. మన వైపు అలాంటి గోడలు కట్టలేదని తృప్తి పడదామా? సమాధుల తోటల్లో, పెళ్ళి సంబంధాల్లో, పండుగ విందుల్లో ఇటుకలు లేని గోడలు మనకున్నాయి. 2022లో ఫ్రాన్సిస్ పాపుగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారిని కార్డినల్‌గా చేసినప్పుడు ఆయన మొదటి దళిత కార్డినల్ అని పత్రికలన్నీ వ్రాశాయి. అందరం సంతోషించాం. అది వార్త కావడానికి ఇన్ని శతాబ్దాలు ఎందుకు పట్టిందని మాత్రం ఎవరూ అడగలేదు.

"అలాగైతే ఎవరం యోగ్యులం ఫాదర్, అందరం మానేయాలా?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్న. ఒకప్పుడు అయోగ్యత భయంతోనే విశ్వాసులు ఏళ్ళ తరబడి దూరంగా ఉండిపోయారు. కనీసం ఏడాదికొకసారి, పాస్కా కాలంలోనైనా తీసుకోవాలని 1215లో లాతరాను మహాసభ ఆజ్ఞాపించవలసి వచ్చింది. తరచుగా, వీలైతే ప్రతిదినం తీసుకోమని 1905లో పదవ భక్తినాథ పాపుగారు ప్రోత్సహించారు. అది పుణ్యాత్ములకిచ్చే బహుమానం కాదు, రోగులకిచ్చే మందు. ఒప్పుకుంటాను. కానీ మందు మింగుతూ వైద్యుడు వద్దన్నదే రోజూ తినేవాడిని ఏమంటాం? బలహీనుడు వేరు, పథ్యం అక్కర్లేదని తీర్మానించుకున్నవాడు వేరు. కోపం వచ్చి పశ్చాత్తాపపడేవాడు వరుసలోకి రావలసినవాడే. "మధ్యలో వాడెందుకు?" అనేవాడి దగ్గరే నాకు చిక్కు.

అందుకే ఆ పెద్దాయనకు "మానేయండి" అని చెప్పలేదు. కానుకను బలిపీఠం ఎదుట వదిలి, ముందు సోదరుని దగ్గరకు వెళ్ళమన్న ప్రభువు ఆజ్ఞనే గుర్తు చేశాను.

"వెళితే వాడు తలుపు వేసేస్తే?"

"అప్పుడు మీరు నిశ్చింతగా వరుసలోకి రండి. మీ ఆమెన్ అబద్ధం కాదు."

"మరి గట్టు సంగతి?"

"గట్టు సంగతి సర్వేయరు చూసుకుంటాడు."

ఆయన నవ్వలేదు. ఆ తరువాతి ఆదివారం నుంచి సత్ప్రసాద సమయంలో ఆయన బెంచీలోనే కూర్చుంటున్నారు. తమ్ముడు కుడి వరుసలో వస్తూ అటు ఒకసారి చూస్తున్నాడు. మొన్న శనివారం ఆ ఇంటావిడ పువ్వులు ఇవ్వడానికి గుడికి వచ్చి చెప్పింది: మా ఆయన రెండుసార్లు తమ్ముడి ఇంటిదాకా వెళ్ళారు ఫాదర్, రెండుసార్లూ గేటు దగ్గర నిలబడి వెనక్కి వచ్చేశారు అని.