శుభ్రమైన వైపు

డర్ట్ బైక్ ఎయిర్ ఫిల్టర్ చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నూనె పట్టించిన స్పాంజి టోపీ, అంతే. రోడ్డు మీద తిరిగే మామూలు బైకుల్లో ఎక్కువగా కాగితం ఫిల్టర్ ఉంటుంది. అది మూసుకుపోతే తీసి పారేసి కొత్తది వేస్తారు. మట్టిలో తిరిగే బండికి ఆ లెక్క కుదరదు. ఎండాకాలంలో ఒక్కపూట ఎర్రమట్టిలో తిప్పితే చాలు, ఫోమ్ రంగే మారిపోతుంది. అందుకే దాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టించి వాడుకుంటారు. దుమ్ముని పట్టి ఉంచేది ముఖ్యంగా ఆ జిడ్డే.

కడగడానికో వరస ఉంది. ఫిల్టర్ బయటికి తీయగానే ముందు ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారి మూసేయాలి. దానికి సరిపోయే మూత లేకపోతే శుభ్రమైన గుడ్డ కుక్కినా సరే. ఎయిర్‌బాక్స్ తుడవటం ఆ తర్వాతే. ఫోమ్‌ని ఫిల్టర్ క్లీనర్‌లో నానబెట్టి, సబ్బునీళ్ళతో జాడించి, అరచేతుల మధ్య నొక్కి పిండాలి. బట్టల్లా మెలితిప్పితే అతుకులు ఊడతాయి. పెట్రోల్‌తో కడిగితే జిగురు కరుగుతుంది, నిప్పు భయం సరేసరి. పూర్తిగా ఆరాక నూనె పట్టించి, ఎక్కువైంది పిండేసి, అంచు చుట్టూ గ్రీజు రాసి బిగించాలి. వేలితో నొక్కినప్పుడు ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే మాత్రం కడగటం వృథా, మార్చేయాల్సిందే.

ఈ వరసలో నన్ను ఆలోచనలో పడేసేది ఆ మొదటి పని. ముందు మూత, తర్వాతే తుడుపు. ప్రతి ఫిల్టర్‌కీ రెండు వైపులుంటాయి: మురికి వైపు, శుభ్రమైన వైపు. గీత ఎక్కడుందో తెలియకుండా శుభ్రం చేయబోతే మురికి లోపలికే పోతుంది. మడి కట్టుకునే ఇళ్ళని చూసినవాళ్ళకి ఈ తర్కం కొత్తేమీ కాదు. శుభ్రత అంటే ముందు ఒక గీత గీయటం. ఆ గీతకి అవతల ఎవరుంటారన్నది తర్వాత వచ్చే ప్రశ్న. చాలాసార్లు ఎవరూ అడగని ప్రశ్న కూడా.

మోటార్‌సైకిల్ గురించి తాత్వికంగా మాట్లాడాలంటే రాబర్ట్ పిర్సిగ్‌ని తలుచుకోకుండా కుదరదు. 1974లో వచ్చిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ మా తరం ఇంజనీర్లలో చాలామందికి హాస్టల్ గదుల్లోనే చేతికొచ్చింది. అందులో రేడియో పెట్టుకుని, మనసు పెట్టకుండా, బండిని పాడుచేసి పంపిన మెకానిక్‌లు గుర్తున్నారా? పని మీద శ్రద్ధ లేకపోవటం పిర్సిగ్ దృష్టిలో నైతికమైన లోపమే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ శ్రద్ధకి ఒక సౌకర్యం ఉంది. పానా పట్టుకున్నవాడు, బండి ఓనరు, ఇంజిన్ పోతే డబ్బు కట్టేవాడు ముగ్గురూ ఒక్కడే. తన వస్తువుని తాను జాగ్రత్తగా చూసుకోవటం మంచి అలవాటు. దాన్ని నీతి అనటానికి అది సరిపోతుందా?

ఫిల్టర్ ఆపేది దేన్నో చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల నేల గ్రానైట్ మీద కూర్చుంది. ఆ రాయి ఎండకీ వానకీ మట్టయ్యేటప్పుడు మిగతా ఖనిజాలు మెత్తబడతాయి కానీ అందులోని క్వార్ట్జ్ రేణువులు అలాగే మిగులుతాయి. మోస్ కొలతలో దాని గట్టిదనం 7, అంటే గాజుని గీయగలదు. అది సిలిండర్‌లో పడితే పిస్టన్ రింగుల్ని, గోడల్ని అరగదీస్తుంది. కంప్రెషన్ తగ్గుతుంది, పొగ మొదలవుతుంది. ఫిల్టర్ పెట్టిందే అందుకు.

అదే గ్రానైట్‌ని నగరం అంచుల్లోని క్రషర్లలో పిండి చేస్తున్నారు. మా అపార్ట్‌మెంట్ స్లాబులో కంకర, రోబో శాండ్ అన్నీ అదే. అక్కడ పనిచేసేవాళ్ళు పీల్చేదీ ఈ క్వార్ట్జే. ఊపిరితిత్తుల్లోనూ కాపలా ఉంది. ముక్కు, శ్లేష్మం పెద్ద రేణువుల్ని ఆపుతాయి. మరీ సన్నవి వాటిని దాటి లోపలికి వెళ్తాయి. వాటిని మింగి శుభ్రం చేయాల్సిన కణాలే చచ్చిపోతాయి, ఆ చోట మచ్చ కడుతుంది. ఏళ్ళ తరబడి అలా జరిగితే సిలికోసిస్. దానికి నయం లేదు. చాలాసార్లు దాన్ని టీబీ అనుకుని ఆ మందులే వాడతారు. కడిగి, నూనె పట్టించి మళ్ళీ బిగించటానికి ఊపిరితిత్తి ఫోమ్ కాదు.

వారాంతపు రైడర్ లేపిన దుమ్ముతో ఎవరికో సిలికోసిస్ వస్తుందని అనటం లేదు, ఆ లెక్కలు వేరు. నా ప్రశ్న తెలివి గురించి. క్వార్ట్జ్ ఏం చేస్తుందో మనకి బాగా తెలుసు, దాన్ని ఆపటమూ తెలుసు. క్రషర్ దగ్గర నీళ్ళు చల్లటం, యంత్రాన్ని మూసి ఉంచటం, దుమ్ముని పీల్చి పక్కకి లాగేయటం: ఇవేవీ రాకెట్లు కావు. ఇంజిన్‌కి అందిన జాగ్రత్త మనిషికి అందకపోవటానికి కారణం తెలియకపోవటం కాదు. ఇంజిన్ అరిగితే నష్టం ఓనరుది. ఊపిరితిత్తి అరిగితే నష్టం దాని ఓనరుదే, కానీ అక్కడ స్విచ్ వేసేది వేరేవాడు. ఖర్చు పెట్టాల్సినవాడూ బాధ పడేవాడూ వేరైపోయిన చోట పిర్సిగ్ చెప్పిన శ్రద్ధ ఎవరినుంచి రావాలి? నా మటుకు నాకు నీతి మొదలయ్యేది అక్కడే.

‘సరే, బైక్ తుడుచుకునేవాడు క్రషర్ని ఏం చేయగలడు’ అనొచ్చు. పెద్దగా ఏమీ చేయలేకపోవచ్చు. కానీ ఈ గీత మరీ అంత దూరంలో కూడా లేదు. దుమ్ము పట్టిన ఇంజిన్‌ని కడిగి మెరిపించి అమ్మేస్తే, అరుగుదల కొన్నవాడి వైపు వెళ్తుంది. బడి వదిలిన వేళ మట్టిరోడ్డు మీద స్పీడు తగ్గించకపోతే దుమ్ము పిల్లల వైపు వెళ్తుంది. ఇక ఫిల్టర్ కడిగాక బకెట్‌లో మిగిలే నల్లటి ద్రవం. అది అప్పుడే కడిగిన ఫిల్టర్ పక్కనే ఉంటుంది. దాన్ని బోరు పక్క మట్టిలో పోస్తామా, డబ్బాలో పట్టి పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇస్తామా అన్నది ఏ మెకానిక్కూ చూడడు, బండి స్పీడులోనూ తేడా రాదు.