పనితనం వస్తువును పవిత్రం చేస్తుందా?



పై చదువుల కోసం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి వెళ్లిన మన తెలుగు ముస్లిం యువకుడొకరు మాకు ఒక ఉత్తరం రాశారు. సెలవుల్లో తోటి విద్యార్థులతో కలిసి ఆయన ఐలా అనే ద్వీపానికి వెళ్లారట. ‘సింగిల్ మాల్ట్’ విస్కీకి ఆ ద్వీపం పెట్టింది పేరు. స్నేహితుల వెంట ఒక బట్టీ లోపలికి వెళ్లి చూశారు. అల్హమ్దులిల్లాహ్, చుక్క కూడా ముట్టలేదు. కానీ మనసు కలత పడిందట. ఆయన ప్రశ్నల సారాంశం ఇది:

“మౌలానా! అక్కడి మనుషుల ఓర్పు, శుభ్రత, నిజాయితీ చూసి నాకు సిగ్గేసింది. ఒక మనిషి ఈ రోజు పీపాలో నింపిన సరుకును బహుశా అతని కొడుకు బయటికి తీస్తాడు. ఇంత నిజాయితీగా తయారయ్యే వస్తువు పూర్తిగా చెడ్డది ఎలా అవుతుంది? దాన్ని మెచ్చుకోవడం కూడా పాపమేనా? వేసవిలో సందర్శకులకు బట్టీని చూపించే ఉద్యోగం ఇస్తామంటున్నారు. ఇంటి అద్దెకు ఇబ్బందిగా ఉంది. ఏం చేయమంటారు?”

“హరామ్, వదిలెయ్” అని ఒక్క మాటలో జవాబు రాసి పంపవచ్చు. ఆ జవాబు తప్పు కాదు. కానీ ప్రశ్న హలాల్, హరామ్‌ల దగ్గరే ఆగిపోలేదు. మంచి గుణాలు చెడ్డ వస్తువులో కనిపించినప్పుడు వాటిని ఏమనాలి అని ఆయన అడుగుతున్నారు. తెలియని విషయంపై తీర్పు చెప్పడం ఆలిమ్‌కు తగదు కనుక ముందుగా ఆ పని గురించి కొంత తెలుసుకున్నాము.

బట్టీలో జరిగేదేమిటి?

సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, నీరు, ఈస్ట్ – ఈ మూడింటితోనే, ఒకే బట్టీలో తయారైన విస్కీ. బార్లీ గింజల్ని నానబెట్టి మొలక రానిచ్చి, ఎండబెడతారు. ఐలాలో చాలామంది పీట్ పొగ మీద ఎండబెట్టిన బార్లీ వాడతారు. వేల ఏళ్లుగా చిత్తడి నేలల్లో నాచు, గడ్డి కుళ్లి ఏర్పడిన మట్టిగడ్డ పేరు పీట్. ఆ సరుకుకు ఉండే పొగ వాసన దాని నుంచే వస్తుంది. ఎండిన గింజల్ని మరపట్టి వేడినీటితో తీపి రసం తీసి, దాన్ని పులియబెట్టి, పెద్ద రాగి పాత్రల్లో సాధారణంగా రెండుసార్లు కాచి ఆవిరిని చల్లారుస్తారు.

రెండోసారి కాచేటప్పుడు మొదట వచ్చే ధారను, చివర వచ్చే ధారను పక్కకు తీసి మళ్లీ కాచడానికి ఉంచుతారు. నడుమ వచ్చేదాన్నే పీపాలకు పంపుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించడం ఆ పనివాడి నేర్పు. అతని ముందు ఇత్తడి చట్రంలో అద్దాల పెట్టె ఒకటి ఉంటుంది. ధార దాని గుండానే వెళుతుంది. ఆ పెట్టెకు తాళం. పన్ను ఎగవేత జరగకుండా 1820లలో తెచ్చిన ఏర్పాటు ఇది. 1980ల వరకు ఆ తాళం చెవి ఎక్సైజు అధికారి దగ్గరే ఉండేది. పనివాడు ధారను కళ్లతో చూడాలి, పరికరాలతో కొలవాలి, చేత్తో మాత్రం తాకలేడు.

ఆ తరువాత ఓక్ చెక్క పీపాలు. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలి. ఆల్కహాల్ 40 శాతానికి తగ్గరాదు. నీరు, రంగు కోసం మామూలు కారమెల్ తప్ప వేరేదీ కలపరాదు. సీసా మీద 12 ఏళ్లు అని రాస్తే, అందులో కలిపిన సరుకులో అన్నింటికన్నా లేతది కూడా 12 ఏళ్లు నిండినదై ఉండాలి. ముసలి సరుకు కొంచెం కలిపి, దాని వయసు చెప్పి అమ్ముకునే వీలు లేదు.

పీపాలో ఏటా సుమారు 2 శాతం గాలిలో కలిసిపోతుంది. దాన్ని వాళ్లు ‘దేవదూతల వాటా’ అని పిలుచుకుంటారు. మాట ముచ్చటగా ఉంది. కానీ అల్లాహ్ స్మరణే ఆహారమైన మలాయికాకు ఆ వాటాతో పనేమిటి? ఆ సరుకు పేరులోనూ ఇలాంటి ముచ్చటే ఉంది. ‘విస్కీ’ అనే మాట స్కాట్లాండ్ ప్రజల పాత గేలిక్ భాషలో ‘జీవజలం’ అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. మన ఉర్దూలో చెప్పాలంటే ఆబె హయాత్. ఒకప్పుడు దాన్ని మందుగా వాడేవారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు ఒక సహాబీ వచ్చి మందు కోసం మద్యం తయారు చేస్తానని అడిగితే, అది మందు కాదు, అదే రోగమని ఆయన చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

మంచిని మంచి అనడం న్యాయమే

సోదరా! మీరు చూసిన ఓర్పు నిజమే, నిజాయితీ నిజమే. లేదని అంటే మేము అబద్ధమాడినట్లు. ఒక జాతిపై ఉన్న ద్వేషం మనల్ని న్యాయం నుంచి తప్పించకూడదని అల్ మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తోంది. అంతెందుకు, మద్యంలో, జూదంలో ప్రజలకు కొన్ని లాభాలున్నాయని దివ్య ఖుర్ఆనే (అల్ బఖరా 219) ఒప్పుకుంది. ఆ లాభాలను మించిన పాపం వాటిలో ఉందని ఆ వెంటనే చెప్పింది. లాభం లేదనలేదు. త్రాసులో పెట్టి తూచి చూపింది. మనమూ అలాగే తూచాలి.

ఇక్కడే ఒక చిన్న సంగతి గుర్తు చేసుకోవాలి. ‘ఆల్కహాల్’ అనే మాట అరబీలోని ‘అల్ కుహ్ల్’ నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే మనం కళ్లకు పెట్టుకునే సుర్మా. బట్టీ పాత్రకు యూరప్‌లో వాడిన ‘అలెంబిక్’ అనే పేరు కూడా అరబీ ‘అల్ అన్‌బీఖ్’ నుంచే వచ్చింది. ముస్లిం రసాయన శాస్త్రజ్ఞులు ఆ పాత్రలతో పన్నీరు, అత్తరులు తీశారు. తొమ్మిదో శతాబ్దపు అల్ కిందీ పరిమళాలు కాచి తీసే పద్ధతులపై గ్రంథమే రాశాడు. ఈనాటికీ మన దేశంలో కన్నౌజ్‌లో రాగి డేగిశాల్లోనే గులాబీ అత్తరు కాస్తారు.

రాగి ఒకటే, నిప్పు ఒకటే, ఆవిరి చల్లారే తీరూ ఒకటే. కన్నౌజ్‌లో గొట్టం చివర కారేది జుమా రోజు మనం బట్టలకు రాసుకునే అత్తరు. ఐలాలో కారేది బుద్ధిని కప్పేసే మద్యం. రాగి పాత్రను మనం తప్పుపట్టము. ఓర్పు, నేర్పు, మాట తప్పని వ్యాపారం కూడా ఆ రాగి పాత్రలాంటివే. అవి అల్లాహ్ మనిషికిచ్చిన సాధనాలు. విశ్వాసికీ ఇచ్చాడు, అవిశ్వాసికీ ఇచ్చాడు. వాటిని మెచ్చుకోండి, పాపం కాదు. కానీ పాత్ర మెరుపును చూసి, అందులోంచి కారేదాన్ని హలాల్ అనుకోకండి. పనితనం వస్తువును చక్కగా చేయగలదు, పవిత్రం చేయలేదు.

“మత్తు కోసం కాదు, రుచి కోసం”

ఈ ఖరీదైన సీసాల అభిమానులు ఒక మాట అంటారు: “మేము తాగుబోతులం కాము. చెంచాడు పోసుకుని వాసన చూసి, రుచి తెలుసుకుంటాము.” ఎక్కువైతే మత్తునిచ్చేది కొంచెమైనా హరామే అని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు (తిర్మిజీ, అబూదావూద్). హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నిలబడి, మద్యం తయారయ్యే ఐదు పదార్థాలను లెక్కపెట్టి చెప్పారు. వాటిలో బార్లీ కూడా ఉంది. బుద్ధిని కప్పేసేది ఏదైనా మద్యమేనన్నారు (బుఖారీ). కనుక పేరు మారినా, వయసు పెరిగినా, ధర పెరిగినా తీర్పు మారదు.

ధర సంగతి వచ్చింది కనుక ఒక ఉదాహరణ. 1926లో తయారై, 60 ఏళ్లు పీపాలో ఉండి 1986లో సీసాకెక్కిన మకాలన్ విస్కీ సీసా ఒకటి 2023 నవంబరులో లండన్ వేలంలో సుమారు 22 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో ఇరవై కోట్ల రూపాయలకు పైమాటే. మరోవైపు మదీనాను చూడండి. నిషేధ ఆజ్ఞ వచ్చినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) తన పోషణలోని అనాథల సొత్తుగా ఉన్న మద్యం గురించి అడిగారు. పారబోయమన్నారు దైవప్రవక్త (స). సిర్కాగా మార్చుకోవచ్చా అంటే వద్దన్నారు (అబూదావూద్). అనాథల సొమ్మును కాపాడటంలో ఇస్లాం ఎంత కఠినంగా ఉంటుందో మనకు తెలుసు. అయినా దానికి విలువే లేదన్నట్లు మదీనా వీధుల్లో పారింది.

మూల్యం చెల్లించేదెవరు?

త్రాసు రెండో పళ్లెంలోకి చూద్దాం. సుమారు 55 లక్షల జనాభా ఉన్న స్కాట్లాండ్‌లో కేవలం మద్యం కారణంగానే 2023లో 1,277 మంది, 2024లో 1,185 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. న్యాయంగా చెప్పాలంటే వీరిలో ఎక్కువమంది తాగింది ఖరీదైన సింగిల్ మాల్ట్ కాకపోవచ్చు. చవక మద్యమే పేదవాడికి అందుతుంది. అందుకే మరీ చవకగా అమ్మకుండా కనీస ధర నిర్ణయిస్తూ స్కాట్లాండ్ పార్లమెంటు 2012లో చట్టం చేసింది. దానిపై కోర్టుకు వెళ్లింది ఎవరు? పెద్ద బట్టీల యజమానులు సభ్యులుగా ఉన్న స్కాచ్ విస్కీ అసోసియేషన్. 2017 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు వారి వాదనను తోసిపుచ్చాక, 2018 మేలో గానీ చట్టం అమలుకు రాలేదు. ఆ చట్టం వల్ల మద్యం మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది.

ఆలోచించండి! పీపా దగ్గర పన్నెండేళ్లు ఓపిక పట్టగలిగినవారు, పేదవాడి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి కోర్టు మెట్లెక్కారు. వారు వ్యక్తులుగా దుర్మార్గులని మేము అనడం లేదు. వస్తువే అలాంటిది. దాని లాభం ఎక్కడుందో, అక్కడ దయకు చోటు చిక్కదు.

ఇది మనకు దూరపు కథ కూడా కాదు. స్కాచ్ విస్కీ సీసాల లెక్కలో ప్రపంచంలోకెల్లా పెద్ద మార్కెట్లలో మన దేశం ఒకటి. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో విస్కీపై 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి తగ్గించడానికి అంగీకారం జరిగింది. మన ఊళ్లలో బెల్టు షాపు దగ్గర తూలే కూలీని చూసి ఛీ అంటాము. విదేశం నుంచి వచ్చినవాడు విమానాశ్రయంలో కొన్న సీసాను మాత్రం పెళ్లింట్లో గొప్పగా చూపిస్తారు. పాపానికి గౌరవం తెచ్చిపెట్టేది ఆ గొప్ప సీసాయే. తాగుడు మర్యాదే అని పిల్లలు నేర్చుకునేది తూలే కూలీని చూసి కాదు, ఆ అలమారాను చూసి.

ఉద్యోగం సంగతి

సోదరా! మద్యం విషయంలో పది మంది శాపానికి గురైనట్లు హదీసులో ఉంది. తాగేవాడే కాదు, పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడూ అందులో ఉన్నారు. వచ్చినవారికి బట్టీని చూపించి, దాని గొప్ప చెప్పి, చివర గ్లాసు చేతికివ్వడం ఆ వరుసకు బయటి పని కాదు. కనుక ఈ ఉద్యోగం వదులుకోండి. పరాయి దేశంలో అద్దె బాధ ఎంతటిదో తెలిసే ఈ మాట అంటున్నాము. తనకు భయపడేవాడికి అల్లాహ్ దారి చూపుతాడని, అతను ఊహించని చోట నుంచి ఉపాధి ఇస్తాడని ఖుర్ఆన్ (అత్తలాఖ్ 2, 3) వాగ్దానం. గ్లాస్గోలో మసీదులున్నాయి, మనవాళ్ల దుకాణాలున్నాయి. మొహమాటపడక అడగండి. ఈ పత్రిక చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లలకు ఫోన్ చేసినప్పుడు “నమాజు చదివావా?” అని అడిగినట్లే “అద్దె కట్టావా?” అనీ అడగండి. చాలా కాళ్లు జారేది అక్కడే.

సిగ్గు పడవలసింది మనం

చివరిగా, మీకు కలిగిన ఆ సిగ్గు గురించి. దాన్ని పోగొట్టుకోకండి, అది ఈమాన్ ఇచ్చిన కానుక. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని నిలదీసి, మోసం చేసేవాడు నావాడు కాదన్నారు (ముస్లిం). హరామ్ సరుకు అమ్మేవాడు సీసా మీద దాని అసలు వయసు రాస్తున్నాడు. హలాల్ సరుకు అమ్మే మనలో కొందరు పాలలో నీళ్లు, కారంలో రంగు కలుపుతున్నారు. అతని ధారకు ప్రభుత్వం అద్దాల పెట్టె పెట్టి తాళం వేసింది. మన త్రాసుకు తాళం లేదు, మన కిరామన్ కాతిబీన్ మాత్రం రాస్తూనే ఉన్నారు.

బార్లీ నీటితో మద్యం చేయడానికి అన్నేళ్ల ఓర్పు చూపినవారిని చూశాక, హలాల్ రొట్టె సంపాదించడానికి మనం ఎంత ఓర్పు చూపుతున్నామో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. రేపు అల్లాహ్ ముందు చేతిలో ఏమున్నదో అడుగుతారు, దాన్ని ఎలా సంపాదించామో కూడా అడుగుతారు.

అల్లాహ్ మన చేతులకు నేర్పును, ఆ నేర్పుకు హలాల్ మార్గాన్ని ప్రసాదించుగాక! పరదేశంలో ఒంటరిగా పోరాడుతున్న మన పిల్లలను కాపాడుగాక! ఆమీన్.