గిజిగాడు ఎంచుకునే చోటు

గుర్రంకొండ వైపు చెరువుగట్ల ఈతచెట్లకు, ముళ్లకొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లను చూసి మనం అల్లికనే మెచ్చుకుంటాం. కానీ ఆ అల్లిక ఫలించేది మంచి చోటు దొరికినప్పుడే. మగపిట్ట గడ్డిపోచలతో, ఆకు చీలికలతో సగం గూడు కట్టి ఆగుతుంది. ఆడపిట్ట చూసి ఒప్పుకున్నాకే మగపిట్ట మిగతాది పూర్తి చేస్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే దీన్ని వివరంగా రాశారు. ఆడపిట్ట పనితనం కన్నా గూడున్న చోటునే ఎక్కువ లెక్కలోకి తీసుకుంటుందని తర్వాతి పరిశోధన తేల్చింది. నీటిపైకి వాలిన ముళ్లకొమ్మ దాకా శత్రువు చేరడం కష్టం మరి.

సజ్జ, జొన్న కంకులు తినే పిట్ట కోసం గట్టు మీది చెట్టును నరకకుండా ఎందుకు ఉంచాలని రైతు అడగవచ్చు. ఆ నష్టం నిజమే. అయితే పిల్లలను సాకేటప్పుడు అది పురుగులనూ ఏరి తినిపిస్తుంది. పైగా కంకికి కాపలా కొన్ని వారాలే. నరికిన చెట్టు మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. కంకిని కాచుకుందాం, గట్టు మీది చెట్టును నిలుపుకుందాం.