మిగిలే జిగురు, మిగలని జిగురు

రెండు వేరు వస్తువులు కలిసి ఒకే వస్తువయ్యాయని ఎప్పుడు చెప్పవచ్చునన్న ప్రశ్నను న్యాయ వైశేషిక శాస్త్రకారులు తరచు కుండను ముందు పెట్టుకొని చర్చించారు. కుండ రెండు కపాలాలతో, అంటే రెండు అర్ధభాగాలతో ఏర్పడుతుందని వారి లెక్క. కార్యం దేనిని ఆశ్రయించి పుడుతుందో అది సమవాయి కారణం కనుక కపాలాలు ఆ కోవకు చెందుతాయి, వాటి పరస్పర సంయోగం అసమవాయి కారణం, కుమ్మరి, చక్రం, కర్ర మొదలైనవి పని ముగియగానే తప్పుకొనే నిమిత్త కారణాలు. ఈ చర్చను పరీక్షించి చూడడానికి ప్లాస్టిక్ నమూనాలు కూర్చేవారి బల్ల కూడా తగిన చోటే. 1:72 స్కేలు స్పిట్‌ఫైర్ కిట్‌లో విమానపు మొండెం నిలువునా చీల్చినట్లున్న రెండు సగాలుగా వస్తుంది. ఆ సగాలను ఏ జిగురుతో కలపాలన్న ప్రశ్న వాటి మధ్య ఏ సంబంధం కావాలన్న ప్రశ్నకు మరో రూపమే.

విడివిడిగా ఉన్నవి వచ్చి తాకితే కలిగేది సంయోగం. వైశేషికులు దానిని ఇరవైనాలుగు గుణాలలో ఒకటిగా లెక్కించారు, విభాగంతో అది నశిస్తుంది. ఒకదానిని విడిచి మరొకటి నిలవలేని జంటల మధ్య, ఉదాహరణకు గుణానికీ గుణికీ, అవయవానికీ అవయవికీ (అవయవి అంటే భాగాలతో పుట్టిన మొత్తం) మధ్య ఉండేది సమవాయం. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో ఈ భేదాన్ని తర్కసంగ్రహంలో బాలురకు బోధపడేలా చెప్పాడు, అయినా గట్టిగా అతికితే సమవాయమనీ వదులుగా అతికితే సంయోగమనీ పొరబడే వీలు పోలేదు. ఎంత బలమైన జిగురు పూసినా ఎడమ సగానికీ కుడి సగానికీ మధ్య సమవాయం రాదు, ఎందుకంటే సమవాయం ఉండేది ఆ సగాలకూ వాటి నుండి పుట్టిన మొండేనికీ మధ్య. అందువల్ల అతుకు ఎంత బలమైనదన్న విచారణ పక్కకు పోయి, దాని వల్ల కొత్త అవయవి పుట్టిందా లేదా అన్న విచారణ ముందుకు వస్తుంది.

నమూనాకారులు పలుచని సిమెంటు అని పిలిచేది అసలు అర్థంలో జిగురే కాదు. అది అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావణుల, అంటే ఇతర పదార్థాలను కరిగించుకొనే ద్రవాల మిశ్రమం. రెండు సగాలను దగ్గరగా పట్టి అంచును కుంచెతో తాకితే, సన్నని సందులోకి ద్రవం తనంతట తాను పాకే కేశనాళికా చర్య వల్ల అది అతుకు పొడవునా వ్యాపిస్తుంది. అక్కడి పాలీస్టైరీన్ మెత్తబడి, ఒక సగంలోని పొడవాటి అణుగొలుసులు రెండవ సగంలోకి చొచ్చుకొని పెనవేసుకుంటాయి. తరువాత ద్రావణి ఆవిరై పోతుంది. పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు పట్టవచ్చు, కానీ చివరకు ఆ చోట పాలీస్టైరీన్ తప్ప వేరే పదార్థం ఉండదు. సూపర్ గ్లూ అని పేరుపడ్డ సైనోఅక్రిలేట్ తీరు ఇందుకు విరుద్ధం: 1942లో తుపాకీ గురిచూపు సాధనాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెదుకుతున్న హ్యారీ కూవర్‌కు ఎదురై, ప్రతిదానికీ అంటుకుంటున్నదని పక్కన పెట్టబడి, 1958లో ఈస్ట్‌మన్ కోడక్ సరుకుగా బజారుకు వచ్చిన ఈ ద్రవం, పూసిన చోటనే ఘనపదార్థమై మిగిలిపోతుంది. అది గట్టిపడేది ఉపరితలం మీది లేశమాత్రపు తేమ వల్ల. పిండిని ముద్దగా కట్టించే స్నేహం అనే గుణం జలానికి మాత్రమే ఉందన్న తార్కికులు ఈ సంగతి వింటే సంతోషించేవారే, కారణం వారు చెప్పినది కాకపోయినా.

ఇక్కడే రెండింటి తాత్త్విక భేదం తేలుతుంది. సిమెంటు కుమ్మరి కర్రవలె నిమిత్త కారణం. సూపర్ గ్లూ రెండింటి నడుమ నిలిచిపోయిన మూడవ ద్రవ్యం, కనుక ఒక అతుకు అనుకున్న చోట నిజానికి రెండు అతుకులు ఉన్నాయి. రెండింటిని కలపడానికి మూడవది కావలసివస్తే ఆ మూడవదానిని కలిపేది ఏమిటన్న ప్రశ్న శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యం రెండవ అధ్యాయం రెండవ పాదంలో సమవాయాన్ని ఖండించే యుక్తికి ఆయువుపట్టు; అలా అంతులేకుండా సాగే దోషాన్ని అనవస్థ అంటారు. ఆయన ఆక్షేపణ సంబంధాన్ని గురించి, జిగురు ద్రవ్యం. ఈ తేడాను మరచి ఒకదానిని మరొకదానికి అన్వయించడం న్యాయం కాదు. అయినా సిమెంటు అతుకులో నడుమ మిగిలే ద్రవ్యమే లేదు కనుక ద్రవ్యం విషయంలో ఆ పరంపర మొదలే కాదు, కార్యకారణాలకు తాదాత్మ్యం, అంటే భేదం లేకపోవడం చెప్పే వేదాంతి ఈ అతుకును తన పక్షానికే చూపుకోగలడు.

విజాతీయ ద్రవ్యాలు కలిసి ఒక అవయవిని పుట్టించవన్నది వైశేషికుల మరో నియమం. పాలీస్టైరీన్ మీద సన్నని ఇత్తడి రేకు భాగాన్ని సిమెంటు అతికించలేదు, లోహాన్ని అది కరిగించలేదు కనుక. అక్కడ సైనోఅక్రిలేటో ఎపాక్సీయో తప్పదు, కలిగేది సంయోగమే. రంగు పూసిన అంచును గీకి శుభ్రం చేయనిదే సిమెంటు సరిగా పట్టకపోవడం కూడా నియమానికి అనుకూలమే. అయితే పాలిథీన్ ముక్కను పాలీస్టైరీన్‌కు ఈ సిమెంటుతో అతికించడం కుదరదు, ప్రాచీన విభజనలో రెండూ పార్థివాలే. సజాతీయత అన్నదానిని వారు గీసిన దానికంటే ఇరుకుగా గీసుకోక తప్పదు.

కరిగిన క్షణంలో పాత సగం నశించిందా అన్నది ఇంకా క్లిష్టమైన విషయం. కుండ కాలేటప్పుడు పరమాణువుల దాకా విడిపోయి మళ్ళీ పుడుతుందని వైశేషికుల పీలుపాక వాదం, కుండ కుండగానే ఉండి రంగు మారుతుందని నైయాయికుల పిఠరపాక వాదం. సిమెంటు తాకిన అంచులో అణుగొలుసులు తెగవు, జారి స్థానం మారతాయి. బయటి రివెట్ల గుర్తులు చెక్కుచెదరవు. ఈ సాక్ష్యం నైయాయికుల వైపే మొగ్గుతుంది, సిమెంటు మితిమీరి పోసి రివెట్లను కరిగించుకోనంత వరకు.

కాక్‌పిట్ మీది పారదర్శకమైన కప్పుకు మాత్రం తెలిసినవారు ఈ బలమైన వాటిని వాడరు: ద్రావణి చింది దానిని మసకబార్చగలదు, సైనోఅక్రిలేట్ ఆవిరి తెల్లని పొగలా దాని మీద పేరుతుంది. నీరు ఆరి గట్టిపడే పీవీఏ తెల్ల జిగురు అక్కడ చాలు, అవసరమైతే ఆ కప్పును మళ్ళీ ఊడదీయవచ్చు. సంయోగం విభాగంతో నశించడమంటే అదే. సిమెంటుతో బాగా కుదిరిన మొండేన్ని విరిస్తే పగులు పాత అతుకు గీతనే అనుసరించాలని లేదు, పక్కనున్న ప్లాస్టిక్ గుండానూ పోవచ్చు. సంయోగం నశించడానికి తార్కికులు చెప్పిన రెండవ కారణం ఆశ్రయనాశం, అంటే సంయోగం దేనిలో ఉందో ఆ ద్రవ్యమే పోవడం. అటువంటి పగులును విభాగమనడం కంటే ఆశ్రయనాశమనడమే సబబు.